అధ్యక్షుడి నాణెం మీద గీత

హస్కోవో ఊళ్లో మా నాణేల సంఘానికి పన్నెండేళ్లుగా పరీక్షకుణ్ణి నేనే. జీతం లేదు, కాఫీ ఖర్చూ నాదే. కాని రాదొయ్ అనే నేను ‘ఇది టంకశాల తప్పు’ అంటే తప్పే, ‘తర్వాత తగిలిన దెబ్బ’ అంటే దెబ్బే. నాకున్న ఆస్తల్లా ఆ మాటే.

జనవరి సమావేశానికి మా అధ్యక్షుడు ప్రొదాన్ మా దేశపు పాత ఒక లెవ్ నాణేన్ని మఖమల్ పెట్టెలో పెట్టుకుని వచ్చాడు. దాని మీది రౌతు బొమ్మకు అడ్డంగా ఒక గీత ఉంది.

“అచ్చు పగిలి పడిన గీతయ్యా ఇది! దేశంలో ఇంకోటి లేదు. నువ్వో సంతకం గీకితే చాలు.”

భూతద్దం పెట్టి చూశాను. అచ్చు పగిలితే ఆ సందులోకి లోహం ఎక్కి, నాణెం మీద గీత ఉబ్బుతుంది. ఇదేమో లోపలికి దిగింది. అంచుల్లో లోహం లేచి గరుగ్గా ఉంది. గీతలో తెల్లగా ఏదో ఇరుక్కుంది. వాసన చూశాను. చీజ్!

కొత్త సంవత్సరానికి మా ఇళ్లలో చీజ్ పొరల బనిత్సా రొట్టెలో నాణెం దాచి కాలుస్తారు. ఎవరి ముక్కలో వస్తే ఆ ఏడాది అదృష్టం వాళ్లది. ప్రొదాన్ భార్య ఆ ముక్కలు ఎంత కసిగా కోస్తుందో ఊరంతటికీ తెలుసు.

“బాబూ, ఇది మీ ఆవిడ కత్తి గాటు. చీజ్ కూడా ఉంది,” అన్నాను.

“చీజుంటే ఏం? టంకశాలవాళ్లు భోంచెయ్యరా ఏమిటి? తింటూ తింటూ అచ్చులో పడేసుంటారు!”

ఇది టంకశాల తప్పో కాదో ఓటింగు పెడదామన్నారు ఎవరో. చేతులు లేచాయి. మెజారిటీతో చీజ్ గెలిచింది.

“సంతకం పెట్టు, లేదా కుర్చీ ఖాళీ చెయ్యి,” అన్నాడు ప్రొదాన్.

పెట్టాను. సిగ్గుచేటే, కాని పెట్టాను. ఆ కుర్చీ అంటే నాకంత తీపి.

మరుసటి నెల, బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన వెలిచ్కా ఇరవై స్తోతింకిల చిల్లర నాణెం ఒకటి తెచ్చింది. సన్నటి గీత, అక్షరాల మీదుగా అంచుదాకా నున్నగా ఉబ్బి ఉంది. ఈ పన్నెండేళ్లలో ఇలాంటిది చూడనే లేదు.

“అసలు సిసలు టంకశాల తప్పు, అక్కా!”

“పోయిన నెల ప్రొదాన్‌దీ అదేనన్నావుగా, తమ్ముడూ. అది పల్లం, ఇది మిట్ట. రెండూ ఒకటెలా అవుతాయి? అప్పుడు అబద్ధమాడావా, ఇప్పుడాడుతున్నావా?”

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. ప్రొదాన్ బల్ల మీద వేళ్లతో టకటక కొడుతున్నాడు.

“అప్పుడే ఆడాను,” అన్నాను.

నన్ను తీసెయ్యడానికి మళ్లీ ఓటింగు. వెలిచ్కా తప్ప అందరూ చెయ్యెత్తారు. కొత్త పరీక్షకుడిగా ప్రొదాన్ తన పేరు తానే ప్రకటించుకుని, ఆవిడ నాణెం కోసం చెయ్యి చాపాడు.

“సర్టిఫికెట్ ఇస్తా, ఇలా తే.”

వెలిచ్కా ఆ చేతిని పట్టించుకోకుండా నాణేన్ని నా వైపు జరిపింది.

“కాగితం అక్కర్లేదులే, తమ్ముడూ. దీని గురించి ఇందాక చెప్పిన మాట ఇంకోసారి చెప్పు.”