మా ఆయన రాజీనామా

ఏటా పార్టీ మహాసభ చివర్లో మా ఆయన అధ్యక్ష పదవికి రాజీనామా చేస్తారు. సభ్యులు "వద్దు, వద్దు" అని గగ్గోలు పెడతారు. ఆయన కళ్ళు తుడుచుకుని, "మీ మాట కాదనలేను" అంటారు. ఆ తర్వాత చప్పట్లు, భోజనాలు. ఇది పార్టీ నియమావళిలో ఎక్కడా లేదు. ఉన్నవేవీ ఇంత నిష్ఠగా జరగవు.

మొదటి "వద్దు" మాత్రం కండక్టరు అన్నయ్యది. బస్సు వెనక సీటు దాకా వినపడేలా అరిచి అరిచి రిటైరైన మనిషి. ఆయన అందుకోకుండా ఇంకెవరైనా నోరు విప్పితే అలిగి భోజనం చెయ్యరు.

ఈ తంతు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు మా ముందు గదిలో నేను ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేదాన్ని. పార్టీ వచ్చి ఆ గదిలో తిష్ఠ వేసింది. నా మిషను మంచం పక్కన నక్కింది. ఇప్పుడక్కడ జెండా కర్రలు, కుర్చీలు, ఎప్పుడు లేస్తారో తెలియని కార్యకర్తలు. పోస్టర్ల జిగురు కూడా నా గిన్నెలోనే ఉడుకుతుంది.

"ఒక్కసారి ఆ రాజీనామా నిజంగా చెయ్యండి, నా గది నాకొస్తుంది" అని పోరు పెట్టని రోజు లేదు.

"చూద్దాంలేవే" అనేవారు.

ఈసారి సభలో ముందు వరుసలో కూర్చున్నాను. ఉపాధ్యక్షుడు నివేదిక చదివి సగం మందిని నిద్రపుచ్చాడు. తర్వాత మా ఆయన లేచి మైకు సర్దుకున్నారు.

"ఇక ఈ బరువు దించుకుంటున్నాను. సెలవు."

హాలంతా కండక్టరు అన్నయ్య వైపు తిరిగింది. ఆయన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తున్నారు.

ఎవరో దగ్గారు. ఉపాధ్యక్షుడు నిటారుగా కూర్చుని కాలరు సవరించుకున్నాడు.

నేను కోరుకున్నది ఇదే కదా! మిషను ఏ కిటికీ దగ్గర వెయ్యాలో కూడా అప్పుడే ఆలోచించేశాను. ఇంతలో ఆయన మొహం చూశాను. చెమటలు పట్టి, నా వైపే చూస్తున్నారు. ఇంతమందిలో ఉండమనే దిక్కే లేదా! నేను వంద అంటాను, నా మొగుణ్ణి కాదనడానికి వీళ్ళెవరు?

"వద్దు!" అని అరిచేశాను.

హాలు దద్దరిల్లింది. "వదినే వద్దన్నాక ఇంకేముంది!" అని ఎవరో దండ తెచ్చి ఆయన మెడలో వేశారు. ఆయన ఏదో చెప్పబోయారు గానీ ఆ కేకల్లో ఎవరికీ వినపడలేదు. ఉపాధ్యక్షుడు కుర్చీలో జారగిలబడ్డాడు.

బయటికి రాగానే కండక్టరు అన్నయ్యను పట్టుకున్నాను. "ఏం అన్నయ్యా, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారేం?"

"నన్నంటావేంటి చెల్లెమ్మా! ఈసారి అరవొద్దని మీ ఆయనే నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

గిరుక్కున, వెనకే వచ్చిన మా ఆయన వైపు తిరిగాను.

"నీ గది నీకిచ్చేద్దామనుకున్నానే" అన్నారు. "నువ్వెంత సంబరపడతావో చూద్దామని నీ వైపే చూస్తున్నా."

"ముందే చెప్పి చావొచ్చుగా!"

"చెబితే నమ్మేదానివా?"

నమ్మేదాన్ని కాదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. అందరూ చూస్తున్నారని కూడా లేకుండా ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. "పదండి, లోపలికెళ్ళి ఇప్పుడే మళ్ళీ చెయ్యండి."

"ఏడాదికి ఒక్కసారేనే" అన్నారు దిగులుగా.