పంచిన పనిలో వేలు పెట్టరాదు

"చేతులనిండా కారం, అత్తా. నువ్వు చదువు, నేను వింటా ఉంటా" అంటూ ప్రసన్నకుమారి పుస్తకాన్ని మోచేత్తో నా వైపు తోసింది. రోట్లో ఊరుబిండి పచ్చడి దంచుతోంది.

నా కోడలు బంగారుపాళ్యం బడిలో టీచరు. హెడ్‌మిస్ట్రెస్‌గా ఉండమన్నారు. దానికి తిరుపతిలో వారం రోజుల శిక్షణ, రేపటి నుంచే. పుస్తకం విద్యా నాయకత్వ సిద్ధాంతాల గురించి. నాకు అక్షరాలు వచ్చింది నా మొగుడు పోయాక, ఈ కోడలి దగ్గరే. చేటలో రాగిపిండి పరిచి వేలితో దిద్దించింది. ఆయన ఉన్నన్నాళ్లూ "సంగటి కెలికేదానికి చదువెందుకు?" అనేవాడు. అందుకే ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను.

"సే...వక నాయకత్వం. ముందు అందరికీ సేవ చేసేవాడే... నిజమైన నాయకుడు."

నవ్వు ఆగలేదు. "పెండ్లయిన కాన్నించి చేస్తానే ఉండా గదే! నాయకురాలా అని ఒక్కరన్నా పిలిచినారా? కాఫీ తెమ్మని పిలిచినారు."

ప్రసన్న రోకలి వదిలేసి నవ్వింది.

అప్పుడే నా కొడుకు చక్రధర్ వచ్చాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మేస్త్రీ వాడు. "నవ్వులు సరే. వారం దినాలు నువ్వాడ కూసుంటే ఈడ సంగటెవురు కెలకాల? శిక్షణకే ఇట్లుంటే, రేపు హెడ్‌మిస్ట్రెస్సయితే ఇంగ ఇంటి మొగం సూస్తావా?"

ప్రసన్న తల వంచుకుంది. "వద్దని చెప్పేస్తాలే." మణికట్టుతో కళ్లు తుడుచుకుని, "కారం తగిలినట్టుండాది" అంది.

'నేనుండాను గదా, అంతా నేను చేస్తా' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది. ఎన్నేళ్లుగానో అలవాటైన మాట. ఇంట్లో ఏ తగువొచ్చినా నేను నడుం బిగిస్తే తీరిపోయేది. కానీ తీరింది తగువేనా? ప్రసన్న బరువు నా నెత్తికెక్కుతుంది, వాడు మాత్రం ఉన్నచోటే ఉంటాడు. కళ్లు మళ్లీ పుస్తకం మీద పడ్డాయి. గట్టిగానే చదివాను.

"నాయకుడు పని పంచుతాడు. పంచిన పనిలో వేలు పెట్టడు."

పుస్తకం మూశాను. "చక్రధరా, ఫ్యాక్టరీలో పని పంచేది నువ్వు. ఈడ పంచేది నేను. వారం దినాలు సంగటి నీది. ఈ పొద్దే మొదులుపెట్టు."

"నేనా? నాకేం తెలుసు?"

"నాకు మాత్రం మా యమ్మ కడుపులోనే తెలుసునా?"

గొణుక్కుంటూనే పొయ్యి దగ్గరికి పోయాడు. ఎసరు మరిగాక పిండంతా ఒక్కసారే గుమ్మరించాడు. నా చెయ్యి తెడ్డు కోసం లేచింది. ఆ చేతిని తొడ కింద పెట్టుకుని, దానిమీద కూర్చున్నాను. లేవబోయిన ప్రసన్నను ఇంకో చేత్తో లాగి కూర్చోబెట్టాను.

"అమ్మా, ఉండలు కడతా ఉండాదే!"

"అట్లనా" అన్నాను.

చెమటలు కక్కుతూ ముద్దలు చేసి, మా ఇద్దరికీ వడ్డించి, తాను కూర్చోకుండా మా మొగాలే చూస్తూ నిలబడ్డాడు. ఎన్నేళ్లు నిలబడ్డానో నేనూ అట్లనే!

"బాగుండాదా?" గొంతు పీలగా వచ్చింది.

ప్రసన్న పచ్చిపిండి ఉండను ఊరుబిండితో మింగేసి, "అత్తా, నీ సేవక నాయకుడు!" అంది. ఈసారి వాడూ నవ్వాడు.

తినేసి ప్రసన్న చీరలు సర్దుకోవడానికి లోపలికి పోయింది. నేను ఎంగిలి పళ్లేలు తీసి నీళ్ల తొట్టి దాకా పోయి ఆగాను. ఈ పని ఇంకా పంచలేదు.

"చక్రధరా, ఇట్రా నాయనా" అని పిలిచాను.