చెరుకు కోతలయ్యాక

"సర్దారు పెళ్ళాం పరువుని నూనెలో ఏయించి స్టేషన్లో అమ్ముతోందని నవ్వుకుంటన్నారు కాంపులో," అన్నాడు వీరాస్వామి, రోలు ముందు కూర్చున్న బాలమ్మను చూసి.

"ఏగింది బాగుందంటన్నారా, లేదా?" అంది బాలమ్మ తల ఎత్తకుండానే.

పొద్దున్నే అంత మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె రోజూ పప్పు రుబ్బి, పచ్చిమిరపకాయలు కలిపి, చిట్టి గారెలు వేయించి మొగుడికీ మరిది గోపాలుకూ మూటకట్టి ఇస్తోంది. చెరుకు తోటలో కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు వీరాస్వామి అవి బాగున్నాయని ఏనాడూ అనలేదు. ఉప్పు తగ్గిన నాడు మాత్రం, "సెయ్యి పడిపోయిందేటే?" అనేవాడు. మొదటిసారి రివియేర్ దు రాంపార్ స్టేషనులో బుట్ట దించిన రోజున, ఆఫ్రికా సంతతి క్రియోలు గార్డు ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "గాతో పిమా అంటే ఇదీ, మదాం!" అని రైలంతా వినబడేలా అరిచాడు. మిరప గారెల్ని వాళ్ళు అలా అంటారు. కిటికీల్లోంచి చేతులే చేతులు. బాలమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు. తన చేతి వంటకు ఒక ధర ఉందన్న సంగతి ఆమెను దిండు మీద అటూ ఇటూ దొర్లించింది.

జర్మనీ యుద్ధం ముగిసి కొన్నేళ్ళయింది. ఈ గారెల అమ్మకానికి మూలం సుందరి. ఈ దీవికి ఓడల్లో వచ్చిన కూలీల ఇళ్ళ వరసే కాంపు; అందులో పక్కింటి మనిషి. రొమ్ములో గడ్డ లేస్తే పాలగడ్డే అనుకుని పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసుకుంది. బిగుతు రవికె తొడిగి దాచుకుంది. చెబితే మొగుడు, "కోతలయ్యాక సూద్దాం," అన్నాడు. కోతలు అయ్యాయి. అప్పటికి అది పుండై, ఆ వాసనకు ఆమె అరుగు మీద ఎవరూ కూర్చోలేకపోయారు. రాచపుండు అన్న మాట గొంతు తగ్గించి చెప్పుకున్నారు. సుందరి పోయాక ఏటి దగ్గర బట్టలుతికే రాళ్ళ మీద అందరూ ఏడుస్తుంటే, ఒకప్పుడు ఆసుపత్రి బట్టలు ఉతికిన క్రియోలు మనిషి జీనెట్ తడిబట్టను రాతికేసి కొట్టి, వచ్చీరాని తెలుగులో, "ఏడుపు ఎందుకు ఇప్పుడు? చింతగింజంత ఉన్నప్పుడు వెళ్తే దొక్తేర్ కోసి తీసేస్తాడు! నేను చూశాను, ఇంటికి నడిచి వెళ్ళారు!" అని కేకలేసింది. దొక్తేర్ అంటే డాక్టరు.

అప్పటి నుంచి మగవాళ్ళు రాని ఆ రాళ్ళ చాటున, శుక్రవారం తలంటు పోసుకునే ముందు, ఒకరి రొమ్ము ఒకరు వేళ్ళతో తడిమి చూసుకోవడం మొదలైంది. మొదట సిగ్గుతో చచ్చిపోయారు. చల్లటి చేతులు తగిలి కెవ్వుమన్నారు. "మా ఆయనక్కూడా ఇంత ఓపిక లేదే తల్లీ!" అని ఒకావిడ అంటే ఏరంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యే బాలమ్మ వేళ్ళు తోటికోడలు రుక్మిణి ఎడమ రొమ్ము మీద ఆగిపోయాయి. చింతగింజంత.

పోర్ట్ లూయీ పెద్దాసుపత్రికి వెళ్ళే టిక్కెట్టుకూ, పట్నంలో ఉండడానికీ, తిండికీ డబ్బు కావాలి. రుక్మిణి తర్వాత ఇంకెవరికి అవసరమైనా వాడుకోవాలనుకున్నారు. అందుకే కాంపులోని ఆడవాళ్ళందరూ రోళ్ళు కడిగారు. గారెలమ్మిన డబ్బుతో జీనెట్ ఇంట్లోని బిస్కెట్ల డబ్బా నిండింది. కాని డబ్బా నిండినంత మాత్రాన రుక్మిణి బయలుదేరలేదు. "కోతలయ్యాక సూద్దాం వదినా," అన్నాడు గోపాలు.

ముందురోజు సాయంత్రం బాలమ్మ ఆడవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని మరిది వాకిట్లో నిలబడింది.

"ఆవుకి గడ్డి ఎవులు కోత్తారు?" అన్నాడు గోపాలు.

"నేను," అంది వసంతి.

"నీళ్ళో?"

"నేను మోత్తాను," అంది సుబ్బమ్మ.

"పిల్లలు?"

"మా పిల్లల్తో పాటే."

"ఇల్లు అలకడం? దుంపల మడి? బట్టలు?" ఒక్కొక్కటి అడుగుతుంటే ఒక్కొక్కరు నేనంటే నేనని ముందుకొచ్చారు. గోపాలు తల గోక్కుని, చివరికి, "మరి నా కూడో?" అన్నాడు. ఆడవాళ్ళు పకపక నవ్వారు. బాలమ్మ మాత్రం నవ్వలేదు. వాకిలంతా నిండిన ఇంతమంది కలిసి పంచుకుంటే గాని తీరని పనిని ఆ బక్కపిల్ల ఒంటరిగా చేస్తూ వచ్చింది. పైగా తోటకు కూలికి వెళ్ళని రోజున గోపాలు ఆమెను, "ఇంటికాడ కూకున్నావు గదా," అనేవాడు. ఆ మాట తన మొగుడి నోటా విన్నదే. తన చెల్లెలి మొగుడి నోటా విన్నదే. వాళ్ళందరికీ ఎవరు నేర్పారో గాని బాగా నేర్పారు.

ఇవాళ మధ్యాహ్నం స్టేషనులో జాతరలా ఉంది. గారెల బుట్టలు దించీ దించకముందే ఖాళీ అవుతున్నాయి. కాంపు ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకుని రుక్మిణి చుట్టూ మూగారు. ఒకరు విభూది పెట్టారు, ఒకరు సింహాద్రి అప్పన్నకు ముడుపు కట్టామన్నారు. గోపాలు మూట పట్టుకుని, వీరాస్వామి చేతులు కట్టుకుని, ఓ పక్కన నిలబడ్డారు. తోడు వెళ్ళే జీనెట్ ముందుగా ఎక్కి చెయ్యి చాచింది.

రుక్మిణి కదల్లేదు.

"రావే, మా సెర్! రా చెల్లీ!" అంది జీనెట్.

"నువ్వు సాయంత్రమే తిరిగొచ్చేత్తావు గదా," అంది రుక్మిణి. బాలమ్మ వైపు తిరిగి, చీర కొంగు పట్టుకుని మెల్లగా అంది: "అక్కా, కత్తి పెట్టాక కళ్ళు తెరిసేసరికి నా మనిసి ఒక్కరూ కనబడరు. నావల్ల కాదు. కోతలయ్యాకే ఎల్తానే."

ఆ మాట గోపాలు నోట వింటే బాలమ్మకు కోపం వచ్చింది. రుక్మిణి నోట వింటే సుందరి అరుగు కళ్ళ ముందుకొచ్చింది. ఇప్పుడు మూట ఇంటికి తిరిగి వెళితే ఇక కదలదు. కోతలూ అవుతాయి, రుక్మిణీ అయిపోతుంది. రైలు కూత వేసింది. గార్డు జెండా తీశాడు.

బాలమ్మ చేతిలోని బుట్ట వసంతికి ఇచ్చి, తోటికోడలి నడుం చుట్టూ చెయ్యేసి, "పద. నీ పక్కలో నేను కూకుంటాను," అంది. ఇద్దరూ ఒక్క అడుగులో ఎక్కారు. సుబ్బమ్మ పరుగున వచ్చి ఆ పూట అమ్మకం డబ్బు మూటనంతా కిటికీలోంచి బాలమ్మ ఒళ్ళో పడేసింది. "జీనెట్ చెల్లెలింట్లో పడుకో! తిండికి ఎనకాడకు!" అని అరిచింది. బాలమ్మకు ఒళ్ళంతా పొంగుతున్నట్టుంది. ఈ దీవిలోనే పుట్టి, ఆమె ఇంతవరకూ రైలెక్కలేదు.

"ఏయ్! ఎక్కడికే?" వీరాస్వామి కిటికీ దగ్గరికి దూసుకొచ్చాడు.

"పోర్ట్ లూయీ."

"ఎప్పుడొత్తావు?"

"రుక్మిణి నడిసొచ్చిన రోజున."

రైలు కదిలింది. ఆయన పక్కనే నడుస్తూ వెనక్కి తిరిగి ఆడవాళ్ళందర్నీ చూశాడు. గోపాలు వాకిట్లో నేనంటే నేనన్న వాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు.

"మరి మనింటికి ఎవుల్ని పెట్టావే?"

"మిమ్మల్ని," అంది బాలమ్మ.