ఆరో బెజ్జం

బస్తా వీపు మీద పడగానే బుచ్చిరాములు నోరు దానంతటదే అంకె పలికింది.

"ముప్పై తొమ్మిదిన్నర."

లారీ దగ్గర నుంచి పన్నెండు అడుగులు నడిచి బస్తాను కాంటా మీద దించాడు. మిల్లు గుమస్తా చూశాడు. ముప్పై తొమ్మిదిన్నరే. రాసుకున్నాడు. మెచ్చుకోలేదు. కాంటా చెప్పబోయేదాన్ని ముప్పై ఏళ్లుగా ఈ మనిషి ముందే చెబుతున్నాడు. కాంటా చెడిపోయిన రోజు తప్ప ఆ సంగతి ఎవరికీ పట్టదు.

లక్సెట్టిపేట శివారు రైసుమిల్లు. మే నెల, యాసంగి వడ్లు. ఇంకా ఏడు కాలేదు, అప్పటికే రేకులు కాలుతున్నాయి. బుచ్చిరాములుకు యాభై ఆరేళ్లు. ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. మెడ వెనుక కాయ కాసింది, దాని మీద మూడు మడతల తువ్వాల. మొలతాడుకు ఒక పక్క ఇనుప కొక్కెం, ఇంకో పక్క గోనెలు కుట్టే దబ్బనం. ఈ రెండూ లేకుండా అతన్ని చూసినవాళ్లు ఆ మిల్లులో లేరు.

"ఏందే బావా, మాటిమాటికి పొద్దు జూస్తున్నవ్? పెండ్లి సూపులా?" లారీ మీది నుంచి పరశురాములు అరిచాడు.

"అల్లుడొస్తుండు."

పరశురాములు తర్వాతి బస్తాను మెల్లగా జార్చాడు, ఎన్నడూ లేనిది.

అందరికీ తెలుసు. బుచ్చిరాములు ఒక్కగానొక్క బిడ్డ బాలలక్ష్మిని బోథ్‌లో ఇచ్చారు. కాన్పయిన నాలుగు నెలలకు డెంగీ వచ్చింది. ఒక దవాఖాన నుంచి ఇంకో దవాఖానకు, అక్కడి నుంచి మూడోదానికి తిప్పేలోపు ఆమె పోయింది. పెద్దమనుషులు కూర్చున్నారు. చాయ్ తాగారు. పిల్ల తండ్రిదని తేల్చారు. పాలు మరిచి, రెండేళ్లు నిండేదాకా అమ్మమ్మ సాకాలని, తర్వాత అప్పజెప్పాలని కాయితం రాశారు. పిల్ల భూమికను ఎవరూ అడగలేదు. నాలుగు నెలల పిల్లను ఏమని అడుగుతారు? బుచ్చిరాములునూ అడగలేదు. యాభై దాటిన మనిషిని ఎందుకు అడగలేదో ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టమంటే పెట్టాడు.

మొన్న సోమవారంతో భూమికకు రెండు నిండాయి.

అల్లుడు నగేష్ చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే తిట్టడానికైనా ఉండేది. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, చేసుకోక ఏం చేస్తాడు. హోలీకి బండి మీద వచ్చాడు. పిల్లను పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని ఉత్కూరు చౌరస్తా దాకా తిప్పి తెచ్చాడు. పోయేటప్పుడు పిల్ల నవ్వుతూ పోయింది. వచ్చేటప్పటికి కనుబొమ్మ చీలి ఉంది. ఊగి ఊగి నిద్రపట్టి, తల పోయి హ్యాండిలుకు కొట్టుకుంది. "నిద్ర వట్టిందని నాకేమెరుక మామా" అన్నాడు నగేష్, అతని కళ్లలోనూ నీళ్లే. బియ్యపు గింజంత మచ్చ మిగిలింది.

చౌరస్తా అర కిలోమీటరు. బోథ్‌కు నాలుగు గంటల దారి. జన్నారం అడవి, మలుపులు, ఉట్నూరు, గుడిహత్నూరు. పిల్లను పంపకుండా ఆపడం బుచ్చిరాములు చేతిలో లేదు. నిద్రపోతే పడకుండా ఆపే సీటు ఒకటి కొనడం చేతిలో ఉంది. వారం రోజులుగా అతని బుర్రలో ఉన్నది అదొక్కటే.

ఎనిమిదింటికి లారీ ఖాళీ అయింది. గుమస్తా బండి చెట్టుకింద ఆపి ఉంది. నల్లది. అల్లుడిదీ నల్లదే. బుచ్చిరాములుకు బండ్లు తెలియవు, సైకిలు తెలుసు. గోనెల మూతి కుట్టే సుతిలి తీసి ట్యాంకు చుట్టూ తిప్పి, రెండు చివరలూ కలిసిన చోట ముడి వేశాడు.

"ఏం జేస్తున్నవే నా బండికి? దిష్టి దీస్తున్నవా?" గుమస్తా లేచొచ్చాడు.

"కొల్త సారూ."

"బండికి అంగి గుట్టిస్తవా ఏంది!"

అక్కడున్నవాళ్లు నవ్వారు. బుచ్చిరాములు సుతిలి చుట్ట చుట్టి జేబులో వేసుకున్నాడు.

బస్టాండు దగ్గర ఉపేందర్‌రావు దుకాణం. బండ్ల సామాన్లు అన్నీ దొరుకుతాయి. గుమ్మానికి సీటు కవర్లు మేకతోళ్లలా వేలాడుతున్నాయి.

"పిల్లను గూసోవెట్టె సీటు గావాలె సారూ. బండికి."

"ఏ బండి?"

"నల్లది."

"నల్లయి దునియల సగమున్నయి. పేరేంది?"

బుచ్చిరాములు సుతిలి తీసి బల్ల మీద పెట్టాడు. ఉపేందర్‌రావు దాన్ని చూశాడు, మనిషిని చూశాడు, నిట్టూర్చి మూడు రకాలు దించాడు. ఒకటి ప్లాస్టిక్ కుర్చీ, స్కూటీ ముందు పెట్టేది. ఒకటి ఇనుప చువ్వల సీటు, ట్యాంకును రెండు కాళ్లతో పట్టుకుని కూర్చునేది, నీలం రెక్సిన్, నడుముకు బెల్టు. మూడోది సీటే కాదు, ఉత్త గుడ్డ పట్టీ.

"ఎన్ని కిలోలుంటది పాప?"

బుచ్చిరాములుకు ఆ ప్రశ్న నచ్చింది. కానీ భూమిక ఇంతవరకు కాంటా ఎక్కలేదు. తూకం వేసిన పిల్ల తరిగిపోతుందని అతని భార్య దుర్గవ్వ నమ్మకం. అంగన్‌వాడీ టీచరు బతిమాలి బతిమాలి ఊరుకుంది. అతను దుకాణమంతా కలియజూశాడు. ఆయిల్ డబ్బాల పెట్టె ఎత్తి, తల అడ్డంగా ఊపి దించాడు. టైరు ఎత్తాడు, దించాడు. మూలకున్న కారు బ్యాటరీని రెండు చేతులా లేపి ఛాతీకి ఆనించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"గిదే. ఇది జరంత ఎక్కువ. నా మనుమరాలు పదకొండున్నర."

ఉపేందర్‌రావు బ్యాటరీ మీది అంకె చూశాడు. పన్నెండు. నవ్వబోయినవాడు నవ్వలేదు.

బుచ్చిరాములు బ్యాటరీని ఇనుప సీటులో కూర్చోబెట్టాడు. బెల్టు పెట్టాడు. కుదిపాడు. ఒక పక్కకు వంచాడు, నిద్రపోయిన పిల్ల ఎటు వాలుతుందో అటు. బ్యాటరీ కదల్లేదు.

"నా మాటిను, గీ పట్టీ తీస్కపో" అన్నాడు ఉపేందర్‌రావు. "పాపను నడిపెటోని కడుపుకు కట్టుకునుడే. ఏ బండైనా నడుస్తది. కొల్తలు, తిప్పలు ఏం లెవ్వు."

బుచ్చిరాములు పట్టీని చేతిలోకి తీసుకున్నాడు. మెత్తగా ఉంది. గట్టిదే. మంచిదే.

"మూట గట్టుకున్నట్టు గట్టుకునుడేంది సారూ?"

"మూటెందుకైతది?"

"కట్టేసి తీస్కవోతె మూటే. కూసోని పోవాలె. దానికంటు ఒక కుర్చి ఉండాలె."

అంతకంటే చెప్పడం అతనికి రాలేదు. ముప్పై ఏళ్లుగా మూటలు మోసినవాడు. మూటకు సొంత జాగ ఉండదు, ఎవరు ఎక్కడ దించితే అక్కడ పడుంటుంది. కొత్త ఇల్లు, కొత్త తల్లి. ఆ ఇంటి గడపలో అడుగుపెట్టేనాటికి పిల్లకు తనదని చెప్పుకునే కుర్చీ ఒకటైనా ఉండాలి. ఇనుప సీటు భుజాన వేసుకుని ఎండలో ఇంటికి నడిచాడు.

దుర్గవ్వ గౌన్లు మడిచి సంచిలో పెడుతోంది. తలెత్తలేదు. సీటును నేల మీద పెట్టగానే భూమిక వచ్చి అందులో ఎక్కి కూర్చుంది, ఎవరూ చెప్పకుండానే. బెల్టుకు ఐదు బెజ్జాలు. చివరిదాంట్లో పెట్టినా పిల్ల నడుము చుట్టూ పిడికిలి దూరుతోంది. కంపెనీవాళ్లు ఏ బలిసిన పిల్లను చూసి చేశారో! బుచ్చిరాములు మొలతాడుకున్న దబ్బనం తీశాడు. నాలుగు వేళ్లు వెనక్కి కొలుచుకుని ఒత్తి పొడిచాడు. ఆరో బెజ్జం. బకిల్ టక్కుమంది. ఇప్పుడు రెండు వేళ్లే దూరుతున్నాయి.

"టక్" అంది భూమిక.

"టక్" అన్నాడు బుచ్చిరాములు.

గోనెముక్క మడిచి కుట్టి పిల్ల వీపు వెనుక పెట్టాడు. దుర్గవ్వ గుప్పెడు ముర్మురాలు ఒళ్లో పోసింది.

"తాతా, నూకు! బుర్ర్!"

అతను మోకాళ్ల మీద కూర్చుని సీటును నేల మీద నూకాడు. పొయ్యి దాకా, అక్కడి నుంచి గుమ్మం దాకా. మళ్లీ పొయ్యి దాకా. బండ మీద ఇనుము గీరుకుపోతోంది, పిల్ల కిలకిలమంటోంది.

"ఆడ గూడ గిట్లనే నూకుతరనుకుంటది పోరి" అంది దుర్గవ్వ, సంచి జిప్పు లాగుతూ.

రెండున్నరకు వాకిట్లో బండి చప్పుడైంది. బుచ్చిరాములు పిల్లను దించి, బెల్టు వేలాడకుండా బకిల్ పెట్టి, సీటును చేతపట్టుకుని బయటికి వచ్చాడు.

బండి నల్లదే. కానీ ట్యాంకు ఎద్దు మూపురంలా లేచి ఉంది. ముందుకు ఏటవాలుగా జారిపోయి ఉంది.

"పాతది అమ్మిన మామా, నెలయింది" అన్నాడు నగేష్.

బుచ్చిరాములు సుతిలి తీసి చుట్టాడు. జానెడు తక్కువ. సీటు కాళ్లను మోకాలి కింద పెట్టి వంచి విడదీశాడు. పెట్టి చూశాడు. సీటు ముందుకు జారింది. ఇంకా విడదీశాడు. మళ్లీ జారింది. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది.

"రంగు గీసుకపోతది మామా. ఉండనియ్యి."

"వెనుక?"

"వెనుక కూసోవెడ్తె నాకు కనవడది గద."

"గడియసేపాగు. బజారుకువోయి గుడ్డపట్టీ తెస్త, ఏ బండికైనా నడుస్తదట."

అన్నాడు గానీ అతనికీ తెలుసు. మే నెల. ఎండకు దించిన షట్టర్లు ఐదింటికి గానీ లేవవు. నగేష్ పొద్దు వైపు చూశాడు.

"చీకటి గాకముందే అడవి దాటాలె మామా."

"బస్సుల పోరాదు?"

"బండి ఈడ ఎవలకిడిసి పోవాలె?"

"నేన్ వెనుక కూసోని పట్టుకుంట. బోథ్ దాక వచ్చి రాత్రి బస్సుకు మర్లొస్త. ఇంట్లకు గూడ రాను."

నగేష్ తల అడ్డంగా ఊపాడు. "నువ్వొస్తే అది నిన్ను ఇడువది మామా. నువ్వు మర్లినంక మేము పట్టలేం. జర సమజ్ చేస్కో."

నిజమే. అదే కదా దిక్కుమాలినతనం, అవతలివాడు చెప్పేది నిజం కావడం. కొట్లాటకైనా పనికిరాని నిజం.

"ఏదన్న తువ్వాలుంటె ఇయ్యి అత్తా, కట్టుకుంట" అన్నాడు నగేష్.

దుర్గవ్వ లోపలికి పోయి ఇంకా వెతుకుతుండగానే బుచ్చిరాములు తన మెడ మీదిది తీశాడు. పిల్లను ఎత్తాడు. ఎత్తగానే నోరు దానంతటదే పలికింది.

"పదకొండున్నర."

"ఏంది మామా?"

"ఏం లే."

హమాలీ నేర్చుకునే మొదటి పాఠం ఒకటే: ఎత్తే ముందు దించే జాగ చూసుకో. అతను చూశాడు. అల్లుడి ఎర్ర చొక్కా, దాని ముందు ఎండకు కాలిన ట్యాంకు. పిల్లను తండ్రి కడుపుకు అభిముఖంగా కూర్చోబెట్టి, తొడల కింద గౌను సర్ది, తువ్వాల రెండు చుట్లు తిప్పి లారీ ముడి వేశాడు. ఆ ముడి దారిలో వదలదు. తల వాలినా ఆ రొమ్ము మీదే వాలుతుంది. అంతవరకే అతని చెయ్యి అందింది.

భూమికకు ఇది ఆటే. తండ్రి చంక పక్క నుంచి మొహం బయటపెట్టింది.

"తాతా, నూకు!"

బుచ్చిరాములు బండి వెనక్కి వెళ్లాడు. రెండు చేతులూ పెట్టి నూకాడు. రెండడుగులు. మూడో అడుగుకు ఇంజను అందుకుంది.

దుమ్ము వాలేదాకా దుర్గవ్వ గుమ్మంలో ఉంది. తర్వాత చీపురు తీసింది, ఊడ్చేది ఏమీ లేకపోయినా.

నాలుగున్నరకు వీధి మొదట్లోంచి పరశురాములు పిలిచాడు. "బావా, రెండో లారొచ్చింది. వస్తవా, వద్దా?"

"వస్తున్న."

లేచాడు. చెయ్యి అలవాటుగా మెడ మీదికి పోయింది. కాయ తగిలింది. ఆ చేత్తోనే మొహం తుడుచుకుని, కొక్కెం సర్దుకుని నడిచాడు.

వాకిట్లో కాళ్లు విడదీసిన ఇనుప సీటు ఒక పక్కకు ఒరిగి ఉంది. మడతలో నాలుగు ముర్మురాలు. బెల్టు బకిల్ ఇంకా ఆరో బెజ్జంలోనే ఉంది.