తొమ్మిది వచ్చిన బండి

నేను ఒక సెడాన్ కారును. వెండి రంగు, నాలుగు తలుపులు, వెనక మూడు పెద్ద సూట్‌కేసులు పట్టే డిక్కీ. నా నంబరు ప్లేటు మీద చివరి నాలుగంకెలు 3618. కలిపితే పద్దెనిమిది, మళ్లీ కలిపితే తొమ్మిది. నా బానెట్ ఎత్తి చూడడానికి ముందే ఈ కూడిక చేసినవాళ్లు చాలామంది. కూడిక అయ్యాక బానెట్ ఎత్తడం మర్చిపోయినవాళ్లూ ఉన్నారు.

ఫ్యాక్టరీలో నాకు ఈ అంకెలు లేవు. ఒక చివర రేకుగా లోపలికి వెళ్లి ఇంకో చివర కారుగా బయటికొచ్చాను. అక్కడ ఒకాయన నా తలుపులు పదేసిసార్లు తీసి వేసి, చెవి ఒగ్గి విని, పచ్చ స్టిక్కరు అంటించాడు. అంత శ్రద్ధగా నన్ను చూసిన మనిషి మళ్లీ ఎనిమిదేళ్లకు గాని తారసపడలేదు. ఆవిడ గురించి చెప్పడానికే నోరు విప్పాను.

మొదట నన్ను కొన్నది విజయవాడలో హోమియో డాక్టరు దక్షిణామూర్తిగారు. నా కోసం ఆయన షోరూములో రెండు గంటలు కూర్చున్నారు. నా నంబరు కోసం రవాణా ఆఫీసు చుట్టూ రెండు వారాలు తిరిగారు. తొమ్మిది కోసం వేలంలో పోసిన డబ్బు పెడితే నాకు ఇంకో రెండు ఎయిర్‌బ్యాగులు వచ్చేవి. అయినా ఆయన్ని తప్పుపట్టను, ఏడేళ్లు నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు. నేనూ ఆయన్ని ఒక్కరోజు నడిరోడ్డు మీద నిలబెట్టలేదు.

ఎనిమిదో ఏడు వానలకి ఏరు పొంగి కాలనీ మీద పడింది. నన్ను నిలిపే సెల్లారులో నీళ్లు మోకాలి లోతుండగా డాక్టరుగారు దిగివచ్చి ఇన్వర్టరు మోయించుకుపోయారు. మెట్లెక్కుతూ నా వైపు తిరిగి, "తొమ్మిది నంబరు, దీనికేం కాదులే" అన్నారు. రెండు రోజులు మునిగి ఉన్నాను. నీళ్లు సీట్లు దాటి, డాష్‌బోర్డు దాటి, స్టీరింగు పై అంచు దగ్గర ఆగాయి. తర్వాత ఇన్సూరెన్సువాళ్లు వచ్చి ఇక ఈ బండి పనికిరాదని రాసుకున్నారు. నన్ను తుక్కు కింద వేలం వేస్తే, రాజమండ్రిలో పాతకార్లు అమ్మే దొరబాబు పాడుకుని లారీ మీద ఎక్కించుకుపోయాడు.

దొరబాబు అబద్ధం ఆడడు. నిజాన్ని సగంలో ఆపేస్తాడు, అంతే. "ఒకే ఓనరండి, డాక్టరుగారు" అంటాడు. అది నిజమే. "ఇంజినంతా ఇప్పి కొత్తగా బిగించామండి" అంటాడు. అదీ నిజమే. ఎందుకు విప్పాల్సి వచ్చిందో అడిగితే టీ తెప్పిస్తాడు.

నన్ను ఆరబెట్టింది అచ్చియ్య అనే మెకానిక్. సీట్లన్నీ ఊడదీసి వారం రోజులు ఎండలో పెట్టాడు, తివాచీలు ఉతికాడు, మీటలు తుడిచాడు, చివర్లో మల్లెపూల సెంటు సీసా సగం గుమ్మరించాడు. అంతా అయ్యాక దొరబాబుతో, "పైకి బానే ఉందండి. వైరింగు మాత్రం నన్నడక్కండి. ఎప్పుడాగుద్దో దానికే తెలీదు" అన్నాడు.

ఒక్క మాట తప్పు. నాకు తెలుసు. ముందు సీటు తివాచీ కింద ఒక తీగ ఉంది. పైన నల్ల తొడుగు నిగనిగలాడుతుంది, లోపల పచ్చటి చిలుము పట్టిపోయింది. చల్లగా ఉన్నంతసేపు పట్టుకునే ఉంటుంది. ఏసీ వేసుకుని అరగంట గట్టిగా నడిపారా, వేడెక్కి విడిపోతుంది. ఇంజిను చచ్చిపోతుంది. దాంతో పాటు స్టీరింగు మొరాయిస్తుంది, బ్రేకు బిగుసుకుపోతుంది. అందుకే దొరబాబు నన్నెవరికీ పది నిమిషాలకు మించి నడపనివ్వడు. ఏసీ వేయబోతే, "ఇప్పుడే గ్యాసు పట్టించామండి, రేపటిదాకా ముట్టుకోకూడదు" అంటాడు.

ఒక బుధవారం పొద్దున పది గంటలకు నూకరాజు, ఆయన భార్య తాయారు యార్డులోకి వచ్చారు. నూకరాజుది గోకవరం. పందొమ్మిదేళ్లుగా పరాయివాళ్ల బళ్లు తోలుతున్నాడు. ఇప్పటికి సొంత బండి యోగం వచ్చింది. మారేడుమిల్లి దాటాక ఘాట్‌రోడ్డు పైన ఉన్న గిరిజన బడికి గోకవరం నుంచి ముగ్గురు పంతులమ్మలు, ఒక హెడ్మాస్టరు రోజూ వెళ్లి రావాలి. సోమవారం నుంచి తీసుకెళ్తానని ఆయన మాటిచ్చాడు. సోమవారానికి బండి లేకపోతే ఆ బేరం ఇంకొకరికి పోతుంది.

అప్పుడు యార్డులో సెడాన్లు రెండే ఉన్నాయి. నేను, నా పక్కన ఒక మెరూన్ రంగుది. నా ధర నాలుగు లక్షల నలభై వేలు. దానిది ఐదు లక్షల పది. అది ఒక బ్యాంకు మేనేజరు వాడిన బండి, ప్రతి సర్వీసుకూ కాగితం ఉంది, ఇంజిను గడియారంలా నడుస్తుంది. అయినా ఆరు నెలలుగా దాన్నెవరూ కన్నెత్తి చూడలేదు. దాని నంబరు 5723. కలుపుకుంటే ఎనిమిది. మనవాళ్లలో ఎనిమిది అంటే శని. కొనడానికి వచ్చినవాళ్లు పెదాలు కదుపుతూ లెక్కవేసి, ఎండలో నిప్పు తొక్కినట్టు పక్కకి జరిగేవారు.

నూకరాజూ అంతే జరిగాడు. "ఎనిమిది నాకొద్దండి దొరబాబుగారూ. ఓసారి ఎనిమిదో నంబరు బండి తోలి చెట్టుకి గుద్దేశాను. రెండు నెలలు మంచం మీదున్నాను" అన్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి నంబరు చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు గుండె జారింది.

దొరబాబు తాళం ఇచ్చాడు. నూకరాజు నన్ను యార్డు బయటికి తీశాడు. అబ్బ, ఏం చేతులండీ అవి! క్లచ్ వదలడం తెలియనేలేదు. గుంత వచ్చేముందే వేగం తగ్గించాడు. గేరు మార్చేటప్పుడు అడిగి మార్చినట్టుగా ఉంది. డాక్టరుగారు మంచివారేగాని ఏడేళ్లు నన్ను మూడో గేరులోనే ఈడ్చారు. ఈయన చేతిలో పడితే నా బతుకు బాగుపడుతుందనిపించింది. వెంటనే ఘాట్‌రోడ్డు గుర్తొచ్చింది. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ, దిగుతుండగా మలుపులో ఆ తీగ విడిపోతుంది. ఈ చేతులు ఎంత మంచివైనా ఏం చేయగలవు? వెనక సీట్లో ముగ్గురు పంతులమ్మలు. చెబుదామంటే నాకున్నది హారన్ ఒకటి, అదీ ఇంకొకరు నొక్కితేనే మోగుతుంది.

ఎనిమిది నిమిషాల్లో తిరిగొచ్చాం. "బండి బంగారమండి" అన్నాడు నూకరాజు. "మాకు నాలుగున్నర లక్షల కన్నా ఎక్కువ లేదు. దానికీ సరిపోయింది."

దొరబాబు గోడ గడియారం చూసి, "పదకొండూ ఇరవైకి వర్జ్యం వత్తాదండి. బయానా ఇచ్చేదుంటే ఈలోపే ఇచ్చేయండి" అన్నాడు. అది కూడా నిజమే. నూకరాజు గబగబా సంచీలోంచి తమలపాకులు తీసి, వాటి మీద అరటిపండు, పైన ఐదువందల నోట్ల మడత పెట్టుకున్నాడు. నిమ్మకాయలు కూడా తెచ్చుకున్నాడు, నా చక్రాల కింద పెట్టడానికి.

ఇంతలో తాయారు, పంతులమ్మలు కూర్చునే చోటు చూస్తానని నా వెనక సీట్లో ఎక్కింది. ఆవిడ ఇంట్లో చీరలకు రోలింగూ పాలిషూ చేస్తుంది, ఫాల్ కుడుతుంది. ఇరవయ్యేళ్లుగా గుడ్డే ఆవిడ లోకం. సీటు కవరును వేళ్లతో నలిపి చూసింది. ముక్కుకి దగ్గరగా పెట్టుకుంది. "ఇంత మల్లెపూల సెంటు ఎందుకు కొట్టారో" అని తనలో తను అనుకుంది. తర్వాత సీటు బెల్టు పట్టుకుని లాగింది.

మామూలు మనుషులు బెల్టును ఒంటికి సరిపడా లాగి వదిలేస్తారు. తాయారు వదల్లేదు. షాపువాడు పమిట చూపిస్తే లోపలి మడత విప్పమనే మనిషి ఆవిడ. మూర లాగింది, శుభ్రంగా ఉంది. రెండు మూరలు లాగింది, శుభ్రంగానే ఉంది. ఇక రానని బిగిసేదాకా లాగింది. అచ్చియ్య చెయ్యి అక్కడిదాకా వెళ్లలేదు. చివరి జానెడులో మట్టిరంగు గీత, గీత కింద సన్నటి బురద పొడి.

తాయారు రెండో బెల్టు లాగింది. మూడోది లాగింది. ముందుకు వంగి ముందు సీట్లవీ లాగింది. తర్వాత తల బయటపెట్టి, "ఏవండీ, ఆ ఆకులు కాసేపు అలా ఉంచి ఇలా రండి" అంది.

దొరబాబు ముందు వచ్చాడు. "ఎవరో టీ ఒలకబోసుంటారు చెల్లెమ్మా."

"టీ ఒలికితే మచ్చ పడద్దండి, గీత పడదు. నీళ్లు నిలబడితేనే గీత పడద్ది. అయినా అన్ని బెల్టులూ కూర్చుని ఒకే ఎత్తులో టీ తాగాయా అన్నయ్యగారూ?"

ఈసారి దొరబాబుకి టీ తెప్పించే ధైర్యం కూడా లేకపోయింది.

కానీ నూకరాజు ఒప్పుకోలేదు. అదే నన్ను భయపెట్టింది. "తడిస్తే తడిసింది, ఆరిందిగా. తోలింది నేను. పందొమ్మిదేళ్ల సర్వీసు నాది, నాకు తెలీదా? తొమ్మిది నంబరు, మన ధరకి దొరికింది. వర్జ్యం వచ్చేత్తంది తాయారూ" అని విసుక్కున్నాడు. సోమవారం ఆయన మెడ మీద కూర్చుంది.

"వర్జ్యం వత్తే రానీండి. ఏసీ వేసి అరగంట ఇంజిను ఆపకుండా ఉంచండి. ఆగకపోతే నేనే నిమ్మకాయలు పెడతాను."

"ఏసీ వద్దండి, గ్యాసు..." అన్నాడు దొరబాబు.

"గ్యాసు పోతే పట్టించిన డబ్బులు మేవిత్తాం" అంది తాయారు.

నూకరాజు కసిగా ఎక్కి ఏసీ వేసి, కాలితో యాక్సిలరేటరు తొక్కుతూ కూర్చున్నాడు. తాయారు ఎండలో నా పక్కనే నిలబడి ఫోన్లో గడియారం పెట్టుకుంది. దొరబాబు కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

పది నిమిషాలైంది. తీగ వెచ్చబడింది. పదిహేనైంది. లోపల చిలుము చిటపటమంటోంది, నాకు ఒక్కదానికే వినిపిస్తోంది. పదకొండూ ఇరవై దాటిపోయింది. నూకరాజు గడియారం చూసి పళ్లు నూరాడు. ఇరవై నిమిషాలకు ఆయన భుజాలు సడలాయి. నా స్టీరింగు మీద అరచేత్తో నిమిరాడు. సొంత బండిని నిమిరినట్టే నిమిరాడు.

నిజం చెబుతాను. అప్పుడు నాకు ఆయనతో వెళ్లిపోవాలనిపించింది. ఈ యార్డులో ఎండకి ఎండి తుక్కయిపోవడం కన్నా ఆ చేతుల కింద రెండు నెలలు నడిచినా చాలనిపించింది. మనుషుల స్వార్థం గురించి ఎన్నో అనుకున్నాను గాని, నాకూ ఏం తక్కువ లేదు. ఆ తీగను శక్తి కొద్దీ పట్టుకున్నాను.

ఇరవై ఏడో నిమిషానికి దొరబాబు ముఖంలోకి రంగొచ్చింది. "చూశారా చెల్లెమ్మా" అన్నాడు. నూకరాజు అద్దం దించి భార్య వైపు చూసి నవ్వాడు. "ఇంక నిమ్మకాయలు తే."

తాయారు నవ్వలేదు. ఖాళీగా ఉన్న నా వెనక సీటు వైపు చూసింది. నేనూ చూశాను. పట్టుకుని ఉంటే ఇంకో మూడు నిమిషాలు ఉండేదాన్నేమో. ఉండలేకపోయానో, ఉండలేదో, నాకే సరిగ్గా తెలియదు. వదిలేశాను.

ఇంజిను ఆగిపోయింది. ఏసీ గాలి ఆగింది. నూకరాజు అలవాటు కొద్దీ బ్రేకు తొక్కాడు, దిగింది. రెండోసారి తొక్కాడు, సగమే దిగింది. మూడోసారి కదల్లేదు. స్టీరింగు తిప్పబోయాడు, రెండు చేతులా లాగాల్సి వచ్చింది. డ్రైవరు కదా, ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నిలబడి ఉన్న బండిలో కూర్చునే ఆయన ఘాట్‌రోడ్డు మలుపు చూశాడు.

దిగాక తమలపాకులు సంచీలో పెట్టేశాడు. "ఆ మెరూన్‌ది చూద్దాం పద" అన్నాడు. మళ్లీ ఆగాడు. "కానీ ఎనిమిదే తాయారూ."

తాయారు ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆ చెట్టుకి గుద్దింది నంబరు కాదండి. ఓనరు తిరపతి ట్రిప్పు మీద ట్రిప్పేసి, రెండ్రోజులు నిద్ర లేకుండా మిమ్మల్ని తోలమన్నాడు. హాస్పిటల్లో మీ పక్కన కూర్చున్నది నేను. నాకు తెలీదా?" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నూకరాజు వెళ్లి మెరూన్ బండి తలుపు తీశాడు. ఆ మాట ఆయనకి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు, ఆయనా ఎవరికీ చెప్పుకోలేదు.

మెరూన్ బండిని ఏసీ వేసి గంటసేపు నడిపారు. బెల్టులన్నీ లాగి చూశారు. అప్పుడు తాయారు బేరానికి దిగింది. "ఆర్నెల్ల నుంచి ఎనిమిదని ఎవరూ ముట్టుకోలేదంటగా అన్నయ్యగారూ. నాలుగు డెబ్బై చేయండి. పైన ఇరవై నా చిట్టీ పాడి తెత్తాను." దొరబాబు ఇంకొక మాట అనబోయి, నా బెల్టుల వైపు చూసి, సరేనన్నాడు.

నా సంగతి గోకవరం కార్ల స్టాండు దాకా పాకింది. తర్వాత నన్ను కొనడానికి వచ్చినవాడు లేడు. అచ్చియ్య చక్రాలు ఊడదీసి, తలుపులు విప్పి, మిగతాది యార్డు వెనక తుక్కులో పడేశాడు. వానాకాలం వెళ్లింది. ఇక నా కథ అయిపోయిందనుకున్నాను.

ఒకరోజు నూకరాజు వచ్చాడు. మెరూన్ బండిలో డ్రైవరు వెనక్కి చూసుకునే లోపలి అద్దం ఎండకి జిగురు వదిలి ఊడిపడి పగిలిందట. తుక్కులో వెతికి నా ముందుకొచ్చి ఆగాడు. నా అద్దం స్టీరింగు కన్నా పైన ఉండేది కదా, దానికి నీళ్లు అందలేదు. తుడిచి, వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క మరక లేదు. విప్పుకుని జేబులో పెట్టుకున్నాడు. వెళ్లేముందు నా బానెట్ మీద రెండుసార్లు తట్టాడు.

ఇప్పుడు నేను ఆ అద్దంలో ఉండి రోజూ ఘాట్ ఎక్కి దిగుతున్నాను. నాకు కనిపించేది వెనక సీటు ఒక్కటే. పొద్దున ఎక్కేటప్పుడు ముగ్గురు పంతులమ్మలు పిల్లల నోటుబుక్కులు దిద్దుకుంటారు. సాయంత్రం దిగేటప్పుడు, మలుపు మీద మలుపు వస్తుంటే, ముగ్గురూ ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతారు.