గురుడి మీద మెరుపు

ఆ అపార్టుమెంటులో అందరూ ఆమెను చుక్కలమ్మ అనేవారు. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీయడం ఆమె ఉద్యోగం. పొద్దస్తమానం జనం ఎముకలు చూసి ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, టెలిస్కోపు చంకనేసుకుని డాబా ఎక్కేది. నీళ్ల ట్యాంకుకూ బట్టల తీగలకూ మధ్య ఉన్న జానెడు జాగాలో దాన్ని నిలబెట్టి గురుగ్రహం వైపు తిప్పేది. కింది వాటా ఆవిడ ఆరిన దుప్పట్లు తీసుకోవడానికి వచ్చి, "ఇవాళ ఎలా ఉన్నాడు మీ గురుడు?" అని అల్లుడి క్షేమం కనుక్కున్నట్టు అడిగేది.

"గాలి బాగుంటే బాగుంటాడండీ," అనేది ఆమె.

నిజమే. మన గాలి కదిలిందంటే గురుడు వణుకుతాడు. అందుకే ఫొటో కాదు, వీడియో తీయాలి. వేల బొమ్మల్లోంచి వణకనివి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అప్పుడు తేలతాయి గోధుమరంగు మేఘాల పట్టీలు, వాటి అంచుల్లో సుడులు, ఎర్రమచ్చలా కనిపించే ఆ పెద్ద తుఫాను. ఏరడం, పేర్చడం ఆమెకు అబ్బిన విద్య.

ఆ సాయంత్రం ఆకాశంలో ఇంకా కాస్త నీలం మిగిలి ఉండగానే, లాప్‌టాప్ తెర మీద గురుడి అంచుకు దగ్గరగా ఒక తెల్లటి చుక్క వెలిగింది. పెరిగింది. ఆరిపోయింది. ఆమె వీడియో వెనక్కి తిప్పి చూసింది. ఉంది! ఎక్కడిదో ఒక రాయి వచ్చి ఆ మేఘాల్లో పడి మండిపోయినట్టుంది.

గ్రహాలు చూసేవాళ్ల సంఘానికి పెద్ద ఒక రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు వీడియో పంపి ఫోన్ చేసింది. గంట తరవాత ఆయనే తిరిగి చేశాడు.

"మంచి మాట చెప్పావు తల్లీ. కానీ ఒక్కరి వీడియోతో ఏం తేల్చగలం? మధ్యలో మనం పంపిన ఏ ఉపగ్రహమో తళుక్కుమన్నా ఇలాగే ఉంటుంది. వేరేచోటి నుంచి ఇంకొకరికీ పడి ఉండాలి. మనవాళ్లందర్నీ అడిగాను, అన్నిచోట్లా మబ్బులేనట. మీ ఊళ్లో ఇంకెవరైనా..." అని ఆగిపోయాడు.

ఆ ఇంకెవరో ఇద్దరికీ తెలుసు. ఒకప్పటి ఆమె భర్త. లిఫ్టు మెకానిక్. ఆ సంఘంలోనే పరిచయమై పెళ్లి చేసుకున్నారు. వీడియోలు తీయడం అతని వంతు, బొమ్మలు తేల్చడం ఆమె వంతు. తరవాత ఆమెకు దూరపు ఊరికి బదిలీ అయింది. తల్లిని వదిలి అతను కదల్లేకపోయాడు. తిట్టుకున్నదీ లేదు, కొట్టుకున్నదీ లేదు. రోజూ వచ్చే ఫోన్ వారానికొకటైంది, ఆపైన నెలకొకటైంది, చివరికి విడాకుల సంతకాల దాకా వచ్చింది. అప్పట్నుంచి అతను సంఘానికి ఏమీ పంపడం మానేశాడు. మళ్లీ ఈ ఊరికే బదిలీ అయినా ఆమె అతనికి కబురు చెయ్యలేదు. బస్సు అతనుండే వీధి మలుపు దగ్గరికి రాగానే ఫోన్లో తలదూర్చేది. తల వంచినా కళ్లు మాత్రం ఆ డాబా మీదికే పోయేవి.

ఫోన్ చేద్దామని నంబరు తీసి, నొక్కలేక, మర్నాడు డ్యూటీ దిగాక తానే వెళ్లింది.

తలుపు తీసింది అతని తల్లి. కళ్లజోడు సర్దుకుని ఎగాదిగా చూసింది.

"అత్తయ్యా..." అని నోరు జారింది ఆమె.

"అమ్మయ్య, వరస మర్చిపోలేదు! గుమ్మంలో నిలబడ్డావేం, లోపలికి రా. చిక్కిపోయావే. ఆ ఎక్స్‌రేలు నీకే తీస్తున్నారా ఏంటి?"

అతను గదిలోంచి వచ్చాడు. చెవుల దగ్గర నెరిసింది. చేతికి ఇంకా గ్రీజు ఉంది. ఆమెను చూసి ఆ చేతిని వెనక్కి దాచుకున్నాడు.

"నిన్న సాయంత్రం వీడియో తీశావా?" అంది ఆమె. పలకరింపు కూడా మర్చిపోయింది.

"తీశాను."

"ఏమైనా కనిపించిందా?"

"చూడలేదు."

"తీసి చూడకపోవడమేంటి?"

అతను అలమర తెరిచాడు. లోపల హార్డు డిస్కులు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కదానికీ అంటించిన తెల్లటి అట్టముక్క మీద నెలా ఏడాదీ రాసి ఉన్నాయి.

"మబ్బు లేకుండా గురుడు కనిపించే ప్రతి సాయంత్రం తీస్తూనే ఉన్నా. ఆ తరవాతి పని నీది కదా," అన్నాడు. "నాకది చేతకాదు. చేతనైనా చెయ్యబుద్ధి కాలేదు."

ఆమె ఆ అట్టముక్కలన్నీ ఒక్కొక్కటే చదివింది. ఆమె వేరే ఊరి డాబా మీద ఒంటరిగా నిలబడి చూసిన గురుణ్ణే అతను ఇక్కడ చూశాడు. అవే సాయంత్రాలు. అన్నీ ఇక్కడే ఉన్నాయి, ఎవరూ తెరవకుండా.

"నేనిక్కడే ఉంటున్నానని..."

"తెలుసు. సంఘం వాళ్లు నీ బొమ్మల కింద ఊరి పేరు వేస్తారుగా. అన్నీ చూస్తా."

"మరి ఫోన్ చెయ్యలేదే?"

"నువ్వు చెప్పనప్పుడు..." అని తల దించుకున్నాడు.

ముందటి సాయంత్రం వీడియో పెట్టారు. ఒకే బల్ల ముందు, మధ్యలో ఒక కుర్చీ పట్టేంత ఎడంగా కూర్చున్నారు. గురుడు వణికాడు, నిలబడ్డాడు, మళ్లీ వణికాడు. ఆమె వీడియోలో నమోదైన సరిగ్గా అదే క్షణానికి, అంచుకు దగ్గరగా, తెల్లటి చుక్క వెలిగి ఆరింది. దగ్గర్లో తిరిగే ఉపగ్రహమైతే, రెండు డాబాల నుంచి చూసినప్పుడు ఒకే చోట కనిపించదు. ఆమె చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. గ్రీజు అంటింది. వదలడానికి కొంచెం ఆలస్యమైంది.

మాస్టారు రెండు పేర్లూ కలిపి ప్రకటించాడు. నాలుగు చోట్ల నుంచి అభినందనలు వచ్చాయి. వారం తిరిగేసరికి అంతా సద్దుమణిగింది.

ఆమె మాత్రం ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ ఇంటికి వెళుతోంది. చూసేసిన డిస్కు ఇచ్చి ఇంకొకటి తెచ్చుకుంటుంది. డ్యూటీ దిగాక కూర్చుని, తాను లేని సాయంత్రాలను ఒక్కొక్కటే తేలుస్తుంది. గురుడి మీది ఒక మేఘాల పట్టీ పాలిపోయి, మాయమై, మళ్లీ రంగు తేరడం చూసింది. ఆ రోజుల్లో అతను ఏం తిన్నాడో, ఎవరితో మాట్లాడాడో ఆ బొమ్మలు చెప్పవు. అయినా వాటినే తదేకంగా చూస్తుంది.

మొన్నామధ్య అత్తయ్య విసుక్కుంది. "అన్నీ ఒకేసారి సంచిలో వేసి ఇచ్చెయ్యొచ్చుగా రా. పాపం, వారం వారం బస్సెక్కి వస్తోంది."

"బరువమ్మా," అన్నాడతను.

ఒక్కొక్క డిస్కు అరచేతిలో ఇమిడిపోతుంది. ఆమె దాన్ని పర్సులో వేసుకుని, "అవునత్తయ్యా, బరువే," అంది.