కాగు మూత తీసే మనిషి కావలెను

నేను దెయ్యాల నవలలు రాస్తాను. మా అక్క పురావస్తు శాఖలో తవ్వకాలు జరిపిస్తుంది. ఇద్దరిలో శవాలతో ఎక్కువ పరిచయం నాకే. ఇరవై రెండేళ్ల సర్వీసులో అక్కకు దొరికినవి పెంకులూ, పూసలూ, ఎప్పుడో ఎవరో పారేసిన చెత్తా. నాకు మాత్రం నవలకో సమాధి దొరుకుతుంది.

ఇందులో నా తప్పేమీ లేదు. ఒకప్పుడు కథల్లో దెయ్యాలు పాడుబడ్డ కొంపల్లో తలుపులు కిర్రుమనిపించుకుంటూ కాలక్షేపం చేసేవి. పురావస్తు వాళ్లు ఇసుక తవ్వి రాజుల సమాధులు తీస్తున్నారని పేపర్లలో పడ్డాక మా భయానక రచయితల పంట పండింది. మూసిన తలుపు, దాని మీద శాపం, తెరిచిన పండితుడు మూడో అధ్యాయంలో హరీమనడం. వందేళ్లకు పైగా ఆ గోతుల మీదే బతుకుతున్నాం. నేనొక్కణ్నే కిందటేడుకి పదకొండు మంది పండితులను చంపాను. పదకొండో ఆవిడ అచ్చం మా అక్కలా ఉంటుంది. ఆ నవల వచ్చినప్పటి నుంచి అక్క నాతో మాట్లాడటం మానేసింది. మూడేళ్లు గడిచాయి. పైకి చెప్పుకోలేదు గానీ, నాకు చాలా బెంగగా ఉండేది.

కిందటేడు ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఉన్నపళంగా బయల్దేరి రా. నీ మూలంగా ఇక్కడ నా పని ఆగిపోయింది."

వెళ్లి చూద్దును కదా, మనిషి లోతు గొయ్యి చుట్టూ పనివాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. గోతి అడుగున నడుమెత్తు కాగు, మట్టితో బిగించిన మూత. అక్క కుడిచేతికి మోచేతి దాకా తెల్లటి కట్టు. ఆఫీసు మెట్ల మీద జారిపడిందట. కాగు బయటపడిన మర్నాడే జారింది కాబట్టి పనివాళ్లకు ఆ మెట్ల కథ మీద నమ్మకం లేదు. ఆ కాగు పాతది, ఒళ్లంతా పగుళ్లు. కదిలిస్తే పగిలిపోతుంది, ఉన్నచోటే తెరవాలి. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడి గొయ్యి నిండితే లోపలున్నదంతా బురదే. అక్క మూడేళ్ల కష్టం నీళ్లపాలవుతుంది.

"మూత ఎత్తడానికి రెండు చేతులు కావాలి. నాకున్నది ఒకటి. వీళ్లేమో మేం ముట్టుకోం అంటున్నారు," అంది అక్క.

"భోజనాల దగ్గర, ఇక్కడే పనిచేసే మా వదిన మీ ఏడో నవల చదివి వినిపించిందండీ," అన్నాడు మేస్త్రీ ఎంతో మర్యాదగా. "అందులో పండితుడు మూడో అధ్యాయం దాకా ఉంటాడు. మేస్త్రీ మొదటి అధ్యాయంలోనే పోతాడు."

"అదంతా నేను కుర్చీలో కూర్చుని అల్లిన కథయ్యా!"

"అందులో రచయిత కూడా ఇదే మాటంటాడు కదండీ. తర్వాత ఆయనకి నోరు పడిపోతుంది."

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను నిచ్చెన వేసుకుని దిగాను.

రాసేవాణ్ని కాబట్టి నాకు భయం లేదనుకోకండి. తొమ్మిదో నవల రాసినన్నాళ్లూ నేను లైటు ఆర్పకుండా పడుకున్న సంగతి మా ఆవిడకు తెలుసు. అయినా అక్క ముఖం చూసి, కళ్లు గట్టిగా మూసుకుని మూత పట్టుకున్నాను.

"ఆగు!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఫొటో తియ్యలేదు," అంది అక్క.

ఫొటోలు తీయించింది. టేపు పట్టించింది. ఒక కొలత రెండుసార్లు పట్టించింది. మూత చుట్టూ మట్టిని చిన్న తాపీతో గీకించి సంచిలో వేయించింది. ఒక్కసారిగా చావడం నయం, కొలతలు తీసుకుంటూ వణకడం మహా కష్టం. చివరికి మూత ఎత్తాను. లోపల ఏదో నల్లగా ఉంది. నేను కెవ్వుమన్నాను. తల ఎత్తి చూసేసరికి మేస్త్రీ అజా పజా లేడు.

అక్క ఒంటిచేత్తో నిచ్చెన దిగి, లోపలికి తొంగిచూసి ఏడ్చేసింది. అవి మాడిపోయిన గింజలు.

"కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది," అంది మేస్త్రీ వదిన పైనుంచి.

"ఎలుక కాదమ్మా, గింజలు! వీళ్లు ఏం పండించారో, ఎప్పుడు పండించారో ఇవే చెబుతాయి," అంది అక్క ముక్కు ఎగబీలుస్తూ.

"అక్కా, ఇకమీద ఏ నవల్లోనూ నిన్ను చంపనే," అన్నాను.

"చంపుకోరా, నాకేం? చంపావని అలిగాననుకున్నావా? పదకొండు మందిలో ఒక్కరైనా ఫొటో తీసి చచ్చారట్రా? గడ్డపార పట్టుకుని తలుపు బద్దలు కొట్టడమే! నా పోలికతో రాసిన మనిషి చేత కూడా అదే పని చేయిస్తావా? ఆఫీసులో తల ఎత్తుకోలేకపోయాను."

పన్నెండో నవలలో అక్క పోలికున్న పండితురాలు మళ్లీ మూడో అధ్యాయంలోనే పోయింది. కాకపోతే ఆ అధ్యాయం నూట నలభై పేజీలు వచ్చింది. పాఠకులు తిట్టిపోస్తున్నారు. అక్క మాత్రం రెండుసార్లు చదివింది. ఎనభై ఆరో పేజీలో టేపు వంకరగా పట్టారని, రోజూ ఫోన్ చేసి చీవాట్లు పెడుతోంది.